ఫెల్కో 2 ప్రూనర్ రివ్యూ: పూల మొక్కల దగ్గర రోజూ వాడే కటర్ ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తాను. ఇంట్లో గులాబీలు, మల్లెలు, మందారాలు, కాగితం పూలు లాంటి కొమ్మ గట్టిపడే మొక్కలు ఉన్నవాళ్ళు ఫెల్కో 2 కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. బంతి, జినియా, పెటూనియా లాంటి మెత్తటి కాడల మొక్కలు మాత్రమే పెంచుకునేవాళ్ళకి ఇది అక్కర్లేదు, వాటికి సన్నమూతి కటర్ వేరే ఉంటుంది, దాని సంగతి కింద చెప్తాను. ఈ రెండు ముక్కలు చాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. కానీ నాకు ఇంకా చాలా చెప్పాలని ఉంది, ఎందుకంటే ప్రూనర్ల రివ్యూలు ఎన్ని చదివినా బ్లేడు మెరుస్తోంది, గ్రిప్ బాగుంది, ప్యాకింగ్ నీట్‌గా వచ్చింది అనే దగ్గరే ఆగిపోతున్నాయి, కట్ చేశాక కొమ్మ ఎలా ఉందో ఒక్కళ్ళూ చెప్పట్లేదు. నా లెక్కలో కటర్‌కి మార్కులు వేయాల్సింది అక్కడే.

వస్తువు గురించి కొంచెం. ఫెల్కో అనేది స్విట్జర్లాండ్ కంపెనీ, ఫెలిక్స్ ఫ్లిష్ అనే ఆయన 1945లో మొదలుపెట్టారు, ఈ 2 నంబర్ మోడల్ 1948 నుంచి వస్తోంది. డిజైన్ పెద్దగా మార్చకుండా ఇన్నేళ్ళు అమ్ముతున్నారంటేనే అర్థం చేసుకోవచ్చు. పొడవు 215 మిల్లీమీటర్లు, బరువు 240 గ్రాములు, 25 మిల్లీమీటర్ల మందం వరకు కొమ్మ కట్ అవుతుంది. హ్యాండిల్స్ ఫోర్జ్ చేసిన అల్యూమినియం, పైన ఎర్రటి తొడుగు ఉంటుంది, ఆ ఎరుపు వల్ల ఇంకో ఉపయోగం ఏంటంటే ఆకుల్లో, మట్టిలో ఎక్కడ పెట్టి మర్చిపోయినా టక్కున కనిపిస్తుంది. రెండు హ్యాండిల్స్ కలిసే చోట చిన్న రబ్బరు ముక్క ఉంటుంది, కొమ్మ తెగిన క్షణంలో వచ్చే ఆ 'టక్' దెబ్బ మణికట్టుకి పోకుండా అది ఆపుతుంది. నాలుగు కొమ్మలు కట్ చేసేవాళ్ళకి ఇది పట్టింపు ఉండదు గానీ వరసగా మొక్క తర్వాత మొక్క ప్రూనింగ్, అంటే కొమ్మల కత్తిరింపు, చేసుకుంటూ వెళ్ళేటప్పుడు చెయ్యి నొప్పి రాకపోవడానికి సగం కారణం ఈ ముక్కే.

అసలు ఈ కటర్ అనే వస్తువు మరీ పాతదేమీ కాదు. అంతకుముందు ద్రాక్ష తోటల్లో, పూల తోటల్లో వంకర కత్తితోనే కోసేవారు, ఫ్రాన్స్‌లో బెర్ట్రాండ్ ద మొల్విల్ అనే ఆయన 19వ శతాబ్దం మొదట్లో ఈ రెండు పిడుల కటర్ తయారుచేశారు. కత్తితో కొయ్యాలంటే కొమ్మని ఒక చేత్తో పట్టుకుని తీరాలి, దీంతో ఒక చెయ్యి ఖాళీ, ముళ్ళ మొక్కల దగ్గర ఆ ఖాళీ చెయ్యి ఎంత అవసరమో గులాబీలు పెంచేవాళ్ళని అడగండి.

ఇక కటర్లలో రెండు రకాలు ఉంటాయి, కొనేముందు ఇది తెలుసుకోకపోతే ఎంత మంచి కంపెనీది తీసుకున్నా వేస్టే. ఒకటి బైపాస్. దీంట్లో పదునైన బ్లేడు, వంకర తిరిగిన రెండో దవడ పక్కనుంచి రాసుకుంటూ వెళ్తుంది, మామూలు కత్తెరలాగే. రెండోది ఆన్విల్. దీంట్లో బ్లేడు వచ్చి ఒక చదునైన ముక్క మీద దిగుతుంది, అంటే కొమ్మ రెండిటి మధ్య నలిగి తెగుతుంది. ఎండిపోయిన కొమ్మలకి ఆన్విల్ బాగానే పనిచేస్తుంది, ఎండిన కొమ్మ నలిగితే పోయేదేముంది. పచ్చి కొమ్మ మాత్రం నలిగిన చోట బెరడు చితికిపోతుంది, ఆ చితికిన భాగం మానదు, అక్కణ్ణుంచి కిందకి ఎండుకుంటూ వస్తుంది. ఫెల్కో 2 బైపాస్ రకం. పూల మొక్కలకి కావాల్సింది ఇదే.

ఇప్పుడు గులాబీ దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ కటర్ గొప్పదనం బాగా తెలిసేది ఇక్కడే.

గులాబీకి పెద్ద ప్రూనింగ్ చేసే టైం క్యాలెండర్ చూసి చెప్పేది కాదు, చలి బాగా ఉండే చోట ఒక టైం, లేని చోట ఇంకో టైం, మొక్కనే చూడాలి. కొమ్మ మీద కణుపుల దగ్గర ఎర్రటి చిన్న కళ్ళు, అంటే కొత్త చిగురు మొలిచే చోట్లు, ఉబ్బడం మొదలవుతుంది చూడండి, చిగురు ఇంకా విచ్చుకోదు, సరిగ్గా అప్పుడు. మొక్క బయటివైపు చూస్తున్న కన్ను ఒకటి ఎంచుకుని, దానికి 5, 6 మిల్లీమీటర్ల పైన, కన్నుకి అవతలి వైపు వాలేలా కొంచెం ఏటవాలుగా కట్ చెయ్యాలి. మరీ దగ్గరగా చేస్తే కన్ను ఎండిపోతుంది, మరీ పైన చేస్తే ఆ మిగిలిన మొండి ముక్క నల్లబడి కుళ్ళుతుంది. ఇంత సన్నటి జాగాలో బ్లేడు పెట్టాలంటే బ్లేడు మూతి సన్నగా ఉండాలి, ఎక్కడ పెట్టామో కంటికి కనపడాలి, పెట్టాక అది జరగకూడదు. ఫెల్కో 2లో ఈ మూడూ ఉన్నాయి. ఇంతకుముందు వాడిన పేరులేని కటర్‌కి మధ్య బోల్టు బదులు రివెట్ ఉండేది, వదులైతే బిగించే దారే లేదు, కొమ్మ మీద పెట్టగానే బ్లేడు పక్కకి ఒరిగి సగం తెగి మిగతాది పీచులాగా వేలాడేది.

బ్లేడు ఏ వైపు పెట్టాలన్నది కూడా చాలామంది పట్టించుకోరు. పదునైన బ్లేడు మొక్కకి మిగిలే భాగం వైపు ఉండాలి, వంకర దవడ మనం పారేసే ముక్క వైపు ఉండాలి. ఎందుకంటే ఏ బైపాస్ కటర్ అయినా ఆ దవడ ఆనుకున్న వైపు బెరడు మీద కాస్త నొక్కుడు పడుతుంది, అది పారేసే ముక్క మీద పడితే మనకేం బాధ లేదు. తిరగేసి పట్టుకుంటే ఆ నొక్కుడు మొక్క మీదే మిగిలిపోతుంది. కట్ చేశాక ఒక్క సెకను ఆగి ఆ కోసిన చోటు చూడండి, చుట్టూ పచ్చటి రింగు, మధ్యలో తెల్లగా గుజ్జు, అంచున బెరడు ఎక్కడా లేవకుండా నున్నగా ఉంటే ఆ కట్ సరైనది. మధ్యలో గుజ్జు గోధుమ రంగులో ఉందంటే కొమ్మ లోపల చచ్చిపోయింది అని, అప్పుడు ఇంకో కన్ను కిందకి దిగి మళ్ళీ కట్ చెయ్యాలి, తెల్ల గుజ్జు కనపడేదాకా. ఈ కటర్‌తో కోసిన చోటు నున్నగా ఉంటుంది కాబట్టి ఆ రంగు తేడా స్పష్టంగా తెలుస్తుంది, నలిగిన కొమ్మలో అంతా ఒకే రంగు పిప్పిలా కనపడుతుంది, చచ్చిందో బతికిందో తేల్చుకోలేం.

పెద్ద ప్రూనింగ్ అయ్యాక మళ్ళీ పూలు రావడానికి, మళ్ళీ మళ్ళీ పూసే గులాబీలకి ఎండ, వేడిని బట్టి సుమారు 6 నుంచి 8 వారాలు పడుతుంది. ఆ తర్వాతే అసలు చిన్న పని మొదలవుతుంది, వాడిన పూలు తీసెయ్యడం. పువ్వు వాడాక దాని కింద పచ్చటి బుడిపె ఉబ్బుతుంది, అది కాయ, లోపల గింజలు కట్టాలని మొక్క బలమంతా అటు పంపిస్తుంది, కాయ కట్టింది కాబట్టి ఇక కొత్త మొగ్గలు వెయ్యాల్సిన పని దానికి తగ్గుతుంది. ఆ బుడిపెతో సహా తీసేస్తే మొక్క మళ్ళీ పూత మీదకి వస్తుంది. ఎక్కడిదాకా తియ్యాలి అంటే, పువ్వు నుంచి కిందకి వస్తుంటే ముందు 3 రెక్కల ఆకులు కనిపిస్తాయి, ఇంకొంచెం దిగితే 5 రెక్కల ఆకు వస్తుంది, అది బయటివైపు చూస్తుంటే దాని పైన కట్ చెయ్యడం ఎక్కువమంది పాటించే పద్ధతి, అక్కడి కన్ను కాస్త బలంగా ఉంటుంది, వచ్చే కొమ్మ పువ్వు బరువు మొయ్యగలదు. కొత్తగా పెట్టిన చిన్న మొక్కకి మాత్రం అంత కిందకి దిగొద్దు, దానికి ప్రతి ఆకూ కావాలి, పువ్వు కాడ వరకే తియ్యండి. ఏడాదికి ఒక్కసారే పూసే గులాబీలకీ, ఎర్రటి కాయల అందం కోసం పెంచే రకాలకీ ఈ పని అసలు చెయ్యొద్దు.

ఒక విషయం మాత్రం ఈ కటర్‌తో చెయ్యొద్దు. అంటు కట్టిన గులాబీకి అంటు కిందనుంచి పిలకలు వస్తాయి, ఆకు రంగు, ముళ్ళ తీరు వేరుగా ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది. దాన్ని మట్టి దగ్గర కట్ చేస్తే కింద మిగిలిన కళ్ళ నుంచి రెండు మూడు పిలకలు లేస్తాయి. మట్టి కొంచెం తవ్వి అది ఎక్కడ మొదలైందో చూసి గ్లోవ్స్ వేసుకుని చేత్తో కిందకి లాగెయ్యడమే మంచిది.

మల్లె సంగతి వేరు. గుండుమల్లె కొత్త చిగుళ్ళ మీద పూస్తుంది, అందుకే ఒక విడత పూత అయిపోయాక కొసలు వెనక్కి కత్తిరిస్తే పక్కనుంచి బోలెడు చిగుళ్ళు లేచి ప్రతి చిగురు చివరా మొగ్గలు వస్తాయి. కాడలు సన్నగా తీగల్లా ఉంటాయి కదా అని గుప్పెడు పట్టుకుని ఒకేసారి కట్ చేసేస్తుంటారు, అలా చేస్తే బయట ఉన్నవి తెగుతాయి, మధ్యలోవి బ్లేడు మధ్య మడతపడి నలుగుతాయి. ఒక్కొక్కటి తియ్యండి, ఈ కటర్ స్ప్రింగ్ చాలా తేలిగ్గా తిరిగి తెరుచుకుంటుంది కాబట్టి కచ్ కచ్ మని వెళ్ళిపోతుంది, పెద్ద టైం పట్టదు. లోపల గుబురుగా ఎండిన పుల్లలు ఉంటే ముందు అవి తీసేసి గాలి ఆడేలా చెయ్యండి, ఆకులు ఎక్కువై పూలు తక్కువైన మల్లెకి ఎండా గాలీ తగిలితేనే పూత వస్తుంది.

మందారం, కాగితం పూలు కూడా కొత్త కొమ్మ మీదే పూసేవి, కాబట్టి చిగురు వేసే టైంకి ముందు ధైర్యంగా వెనక్కి తియ్యొచ్చు. మందారం కొమ్మ పైకి మెత్తగా కనిపించినా లోపల పీచు బాగా ఉంటుంది, పదును తగ్గిన కటర్‌తో కోస్తే బెరడు పొడుగ్గా చీరికలా ఊడొస్తుంది. ఫెల్కో 2 పదును నాకు బాగా నచ్చింది ఇక్కడే, బెరడు లేవకుండా ఒక్క నొక్కుతో తెగింది. కాగితం పూలకి మాత్రం లెదర్ గ్లోవ్స్ తప్పనిసరి, ఆ ముళ్ళు గుడ్డ గ్లోవ్స్‌ని లెక్కచెయ్యవు. గ్లోవ్స్‌తో కూడా బొటనవేలితో లాక్ తియ్యడం, వెయ్యడం ఒక్క చేత్తోనే అయిపోతోంది, రెండో చెయ్యి కొమ్మ పట్టుకుని ఉన్నప్పుడు ఇది పెద్ద సుఖం.

ఇదంతా చదివి ఉత్సాహంగా అన్ని మొక్కలూ ఒకేసారి కత్తిరించెయ్యకండి దయచేసి. పాత కొమ్మ మీద పూసేవి కూడా ఉంటాయి. పెద్ద పెద్ద గుండ్రటి బంతుల్లా పూసే హైడ్రేంజియా, అదే మాక్రోఫిల్లా రకం, చాలావరకు వచ్చే ఏడాది మొగ్గల్ని ఈ ఏడాది కొమ్మ మీదే ముందుగా కట్టేసుకుంటుంది. కెమీలియా, అజేలియా, లైలాక్ కూడా అంతే. వాటిని పూత అయిన వెంటనే తియ్యాలి, ఆలస్యంగా కత్తిరిస్తే వచ్చే ఏడాది పూలన్నీ చెత్తబుట్టలోకి వెళ్ళినట్టే. అదే హైడ్రేంజియాలో పానిక్యులాటా రకం, కోలగా శంకువులా పూసేది, కొత్త కొమ్మ మీద పూస్తుంది, దాన్ని చిగురుకి ముందు తియ్యొచ్చు. ఒకే పేరు, రెండు పద్ధతులు. ఏ మొక్క ఏ రకమో తెలియకపోతే ఒక ఏడాది ఎండు కొమ్మలు తప్ప ఏమీ ముట్టుకోకుండా అది ఎక్కడ పూస్తుందో చూడండి, ఆ తర్వాత కటర్ తియ్యండి.

లావెండర్ ఉన్నవాళ్ళకి ఒక్క మాట, పచ్చటి ఆకు ఉన్నంతవరకే కొయ్యండి, కింద గోధుమ రంగు చెక్కలోకి దిగితే అక్కణ్ణుంచి చాలాసార్లు చిగురు రాదు.

ఇప్పుడు ఈ కటర్ అక్కర్లేని పనులు. చామంతికి ముఖ్యమైన పని కొస గిల్లడం, దానికి బొటనవేలు, చూపుడువేలు చాలు. మొక్క 15 సెంటీమీటర్ల దాకా ఎదిగాక కొసన మెత్తటి చిగురు గిల్లేస్తే, పై కొస నుంచి కిందకి వెళ్ళే ఆక్సిన్ అనే హార్మోన్ ఆగిపోయి అంతవరకు నిద్రపోతున్న పక్క కళ్ళు లేస్తాయి, ఒక్క కాడ ఉన్న చోట నాలుగైదు కాడలు. అవి ఎదిగాక వాటి కొసలూ గిల్లాలి. ఎక్కడ ఆపాలన్నదే కీలకం, చామంతి పగలు తగ్గి రాత్రి పొడవు పెరిగినప్పుడు మొగ్గ వేసే మొక్క, ఆ మొగ్గ వేసే టైం వచ్చాక కూడా గిల్లుతూ పోతే మొగ్గలే పోతాయి. బంతి పువ్వు వాడితే గోటితో తీసెయ్యొచ్చు. పెటూనియాలో మాత్రం వాడిన రేకులు లాగితే చాలదు, కింద గింజల బుడిపె అలాగే ఉండిపోతుంది, కాడతో సహా తియ్యాలి.

డాలియా దగ్గర చాలామంది తికమక పడతారు, వాడిపోయిన పువ్వూ, విచ్చుకోబోయే మొగ్గా పచ్చగా ఒకేలా కనిపిస్తాయి. చేత్తో పట్టుకుని చూడండి, మొగ్గ గుండ్రంగా గట్టిగా ఉంటుంది, వాడినది కోసుగా మూతి దగ్గర పడి మెత్తగా, నొక్కితే తడిగా తగులుతుంది. కోసుగా ఉన్నదాన్ని కింద ఆకుల జంట దాకా తియ్యండి. ఈ పనికి, జినియా కొయ్యడానికి, వాజ్‌లోకి పూలు తీసుకోడానికి సన్నమూతి స్నిప్స్ అనే చిన్న కటర్లు వస్తాయి, తిన్నటి సన్నటి బ్లేళ్ళు, పక్క మొగ్గకి తగలకుండా లోపలికి దూరుతాయి. ఫెల్కో 2 తల వీటి ముందు పెద్దదే, దట్టంగా మొగ్గలున్న చోట దాన్ని దూర్చాలని చూడకండి. నేనైతే రెండూ బకెట్లో పక్కపక్కనే పెట్టుకుని తిరుగుతాను, గట్టి కొమ్మకి ఎర్రది, కాడకి చిన్నది.

వాజ్ పూల గురించి వచ్చింది కాబట్టి, పొద్దున్నే కొయ్యండి, ఎండెక్కాక కాడలో నీళ్ళు తగ్గిపోతాయి. గులాబీ లాంటి గట్టి కాడల్ని పదును లేని కత్తెరతో కోస్తే చివర నలిగి నీళ్ళు పీల్చే గొట్టాలు మూసుకుపోతాయి, పువ్వు తల వాల్చేస్తుంది. ఈ కటర్‌తో కోసినవి ఆ ఇబ్బంది లేకుండా నిలుస్తున్నాయి.

మెయింటెనెన్స్ సంగతి కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే ఈ వస్తువు ఎన్నేళ్ళు వస్తుందన్నది దీని మీదే ఉంది.

పని అయ్యాక తడి తుడవాలి. ఎంత మంచి స్టీలైనా తడితో వదిలేస్తే మచ్చలు పడుతుంది. బ్లేడు మీద ఒక సన్నటి గాడి ఉంటుంది, కొమ్మ రసం అందులోంచి జారిపోయి బ్లేళ్ళు అతుక్కోకుండా చూస్తుంది, కానీ నందివర్ధనం, గన్నేరు, దేవగన్నేరు లాంటి పాలు కారే చెట్లు కోశాక ఆ గాడి కూడా నిండిపోతుంది, ఆ పాలు ఎండితే జిగురు, అప్పుడు కటర్ బిగుసుకుపోయి పదును పోయిందేమో అనిపిస్తుంది. వెంటనే గుడ్డకి కాస్త స్పిరిట్ అద్ది తుడిస్తే పోతుంది. గన్నేరు ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే, కాబట్టి గ్లోవ్స్ వేసుకోండి, చేతులూ కటరూ రెండూ కడగండి. యుఫోర్బియా జాతి మొక్కల పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, కోసేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి, ఆ చేత్తో కళ్ళు నలపకండి.

తెగులు ఉన్న మొక్క కోసి అదే కటర్‌తో పక్క మొక్క ముట్టుకోవద్దు. గులాబీ మొదట్లో, వేళ్ళ దగ్గర గరుకుగా గడ్డల్లా వచ్చే క్రౌన్ గాల్ అనే తెగులు ఉంది, ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుంది, కోసిన గాయాల ద్వారా మొక్కలోకి చేరుతుంది, కటర్ మోసుకుపోతుంది దాన్ని. 70 శాతం ఆల్కహాల్‌తో తుడవడం సులువైన పద్ధతి, ఆరిపోతుంది, కడగక్కర్లేదు. బ్లీచ్ నీళ్ళు కూడా వాడతారు గానీ అవి లోహాన్ని తినేస్తాయి, వాడితే వెంటనే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి నూనె రాయాల్సిందే.

సాన పట్టడం భయపడేంత పని కాదు. బైపాస్ బ్లేడుకి ఒక వైపే ఏటవాలు ఉంటుంది, ఆ వైపే, కంపెనీ ఇచ్చిన ఏటవాలునే అనుసరించి, మొదలు నుంచి కొస వైపు ఒకే దిశలో చిన్న డైమండ్ రాయితో రుద్దాలి. రెండో వైపు చదునుగా ఉంటుంది, అటు పదును పెడితే రెండు దవడల మధ్య సందు ఏర్పడి ఇక ఆకు కూడా తెగదు, అక్కడ లేచిన సన్నటి నూగు పోయేలా రాయి చదునుగా ఆనించి ఒక్కసారి లాగితే సరి. వంకర దవడని ముట్టుకోనక్కర్లేదు. పని అయ్యాక పల్చటి కాగితం కోసి చూడండి, కొస దాకా తెగాలి. కాగితం బ్లేళ్ళ మధ్య మడతపడితే చాలాసార్లు తప్పు పదునుది కాకుండా మధ్య నట్టుది అయి ఉంటుంది, వదులైంది అని. ఫెల్కో 2లో ఆ నట్టుకి పళ్ళున్న చిన్న చక్రం తాళంలా ఉంటుంది, దాన్ని విప్పి నట్టు కాస్త బిగించి మళ్ళీ పెట్టెయ్యొచ్చు. బ్లేడు ఊగకూడదు, అలాగని తెరవడానికి కష్టపడకూడదు, ఆ రెంటి మధ్య పాయింట్ చేతికే తెలుస్తుంది.

నేను దీనికి ఫుల్ మార్కులు ఇవ్వడానికి ఇంకో కారణం, దీంట్లో ప్రతి భాగం విడిగా దొరుకుతుంది. బ్లేడు, వంకర దవడ, స్ప్రింగ్, రబ్బరు ముక్క, నట్టు, అన్నీ. స్ప్రింగ్ ఎగిరి గడ్డిలో పడిపోయి దొరక్కపోతే కొత్త స్ప్రింగ్ వేసుకుంటాం, అంతే, కటర్ పారెయ్యం. మార్కెట్లో దొరికే చాలా కటర్లకి ఈ సౌకర్యం లేదు, స్ప్రింగ్ పోతే మొత్తం పోయినట్టే. ఎర్ర హ్యాండిల్‌తో ఇలాగే కనిపించేవి కూడా చాలా ఉన్నాయి, రంగు చూసి మోసపోకుండా హ్యాండిల్ మీద పేరు, మోడల్ నంబర్ చూసుకోండి.

వాడకంలో కొన్ని జాగ్రత్తలు. 25 మిల్లీమీటర్లు అనేది పచ్చి కొమ్మకి చెప్పిన హద్దు, అంత లావు ఉన్న ఎండు కొమ్మ దీంతో కొయ్యొద్దు, చిన్న రంపం తీసుకోండి. తెగట్లేదని కటర్‌ని అటూ ఇటూ తిప్పి మెలిపెట్టొద్దు, దవడలు ఎడమవుతాయి, ఆ తర్వాత ఎంత సాన పట్టినా ఉపయోగం ఉండదు. కొమ్మని బ్లేడు లోపలికి, మొదలు దగ్గరికి తోసి కొయ్యండి, కొసతో లావు కొమ్మ కొయ్యాలని చూడకండి. తీగలకి ఆసరాగా కట్టిన సన్నటి ఇనప తీగ కొయ్యాల్సి వస్తే బ్లేడు మొదట్లో దానికోసమే చిన్న నొక్కు ఇచ్చారు, అక్కడ పెట్టి కొయ్యండి, పదును మీద పెట్టొద్దు.

సైజు గురించి. ఇది మీడియం నుంచి పెద్ద చేతులకి తయారుచేసిన మోడల్. చేతులు చిన్నగా ఉన్నవాళ్ళకి 6 నంబర్ మోడల్ ఉంది, 20 మిల్లీమీటర్ల వరకు కోస్తుంది, ఇంటి పూల మొక్కలకి అదీ సరిపోతుంది, మొత్తం తెరిచినప్పుడు నాలుగు వేళ్ళూ హ్యాండిల్ చుట్టూ అందుతున్నాయా లేదా అని చూసుకుని తీసుకోండి, అందకపోతే ప్రతి నొక్కుకీ వేలి కొసల మీద బరువు పడుతుంది. వేళ్ళ కీళ్ళ నొప్పులున్నవాళ్ళు 7 నంబర్ చూడండి, దాని కింది హ్యాండిల్ నొక్కినప్పుడు వేళ్ళతో పాటు తిరుగుతుంది, రాపిడి తగ్గుతుంది. ఎడమచేతి వాటం వాళ్ళు దయచేసి 2 తీసుకోకండి, కుడిచేతి కటర్ ఎడమచేత్తో పట్టుకుంటే బ్లేడు ఎక్కడ దిగుతుందో దవడ అడ్డమొచ్చి కనపడదు, లాక్ కూడా బొటనవేలికి అందదు. మీకోసం 9 నంబర్ ఉంది.